ఒకే పనికి మూడు పేర్లు

"మీ ఇంట్లో అద్దెకుంటున్న వాకర్‌కి ఈ ఊళ్ళో చుట్టాలెవరైనా ఉన్నారా?" అని అడిగాడు హెలియర్.

మిసెస్ బారక్లఫ్ టీ కప్పు కింద పెట్టకుండానే నవ్వింది. "హోమ్‌రాయిడ్‌లో వాకర్లకి కొదవా నాయనా? యార్క్‌షైర్ అంతా వాళ్ళే. మా వీధిలోనే నాలుగిళ్ళు. ఒకళ్ళింట్లో పెళ్ళయితే వీధి సగం ఖాళీ. కానీ మా వాకర్‌ని క్రిస్మస్‌కి భోజనానికి పిలిచిన ఇల్లు ఇంతవరకూ ఒక్కటీ లేదు."

"ఎందుకని?"

"ఎవరికీ ఏమీ కాడు కనక. ఆ నాలుగిళ్ళవాళ్ళూ వాళ్ళ తాతల పేర్లన్నీ ఏకరువు పెట్టి చూశారు. ఎక్కడా కలవలేదు."

హెలియర్ టోపీని మోకాలి మీద ఒకసారి తిప్పాడు. చలికాలం మొదలైనప్పటి నుంచి అతను ఉన్నిబట్టల ఊళ్ళన్నీ తిరుగుతూ వెతుకుతున్నది సరిగ్గా ఇలాంటివాడినే. చుట్టం ఒక్కడూ లేని వాకర్‌ని.

దొరికితే సంతోషించాలి. కానీ దొరక్కపోతే బాగుండునని కూడా అనిపించింది.

ఇంగ్లండ్ దక్షిణాన డెవన్ పోలీసుల్లో సార్జెంటుగా చేసి, పదవి దిగాక చిన్నాచితకా కేసులు సొంతంగా చూసుకుంటున్నాడు మార్టిన్ హెలియర్. యాభై దాటాయి. ఒంటరివాడు. ఈ కేసు అప్పజెప్పింది అక్కడి కూమ్‌ఫర్డ్‌లో రొట్టెల దుకాణం నడిపే లవ్‌డే టోజర్. ఆమె పెళ్ళాడవలసిన ఆంబ్రోస్ టక్కర్, ఇరవయ్యేళ్ళ పైచిలుకు కిందట, 1931లో ఒక సాయంత్రం ఊళ్ళోంచి మాయమయ్యాడు. మర్నాడు పొద్దున్న, అతను పనిచేసే ఉన్నిమిల్లులో నీటిచక్రం గుంటలో ఫోర్మన్ బ్రాడ్‌మీడ్ శవం తేలింది. తల వెనక ఇనపకడ్డీ దెబ్బ. బ్రాడ్‌మీడ్ లవ్‌డే వెంటపడుతున్నాడని ఊరందరికీ తెలుసు. హంతకుడెవరో ఇక ఎవరూ వెతుక్కోవలసిన పని లేకపోయింది.

"ఎప్పుడొచ్చాడు మీ దగ్గరికి?"

"మా ఆయన చనిపోయిన చలికాలంలో. ముప్ఫై ఒకటి."

"ఏ ఊరివాడినన్నాడు?"

"లింకన్‌షైర్. లింకన్‌షైర్‌వాళ్ళని నేను చూడలేదా ఏమిటి? వచ్చిన కొత్తలో నోరు తెరిస్తే ఒక్క ముక్క బోధపడేది కాదు. అడిగితే బాధపడతాడని ఊరుకున్నా." ఆమె ముందుకు వంగింది. "ఇంతకీ మీరు పోలీసా?"

"ఒకప్పుడు."

"ఆయన మంచివాడు. అది ముందు రాసుకోండి."

"నేనేమీ రాసుకోవడం లేదమ్మా. తిండి ఎలాగ?"

"ఏం పెట్టినా తింటాడు. ఒక్కటే పిచ్చి. ఆదివారం వస్తే చిక్కటి పాలు వెడల్పు గిన్నెలో పోసి, పొయ్యి అంచున పెట్టి, పొంగకుండా, మరక్కుండా గంటలకొద్దీ కాస్తాడు. పైన పచ్చగా మందంగా మీగడ కడుతుంది. దాన్ని తీసి రొట్టెకి రాసుకుని, కిటికీ దగ్గర కూచుని తింటాడు. పాలు పాడుచేస్తున్నావయ్యా అంటే వినడు."

డెవన్‌లో ఆ మీగడ కాయని ఇల్లుండదు. హెలియర్ తల్లి కూడా అలాగే కాచేది.

"తీరికవేళ ఏం చేస్తాడు?"

"నడుస్తాడు. పెరటివెనక చేనుందే, టెంటర్ల చేను, అందులో. పూర్వం తడిబట్ట బిగించి ఆరబెట్టే కొయ్యచట్రాలు అక్కడుండేవి. వాటినే టెంటర్లంటాం. ఈయన మాత్రం దాన్ని ‘రాక్’ అంటాడు. ‘అలా రాక్ దాకా వెళ్ళొస్తా’ అంటాడు. ఎన్నిసార్లు దిద్దినా అంతే."

హెలియర్ చేతిలో టోపీ ఆగిపోయింది. ఆ చట్రాలని రాక్ అనేది తమవైపు మగ్గాల ఊళ్ళలో. మనిషి ఊరు వదిలాడు, పేరు వదిలాడు, యాస మార్చుకున్నాడు. ఆ ఒక్క మాట మాత్రం నాలుకని వదల్లేదు.

"ఎడమచెయ్యి చిటికెనవేలు?"

"సగం లేదు," అంది మిసెస్ బారక్లఫ్. ఆమె ముఖంలో నవ్వు పోయింది. "ఏం చేశాడు మావాడు?"

"అది తెలుసుకోవడానికే వచ్చాను. ఒకసారి గది చూపిస్తారా?"

మేడమీద చిన్న గది. ఇనపమంచం, దుప్పటి ముడత లేకుండా పరిచి ఉంది. గోడకి ఒక్క పటం లేదు. హెలియర్ గుమ్మంలో నిలబడే అంతా ఒకసారి కళ్ళతో కలియజూశాడు. తర్వాత వంగి మంచం కింద చూశాడు. అనుకున్నట్టే తోలుసంచీ. బరువుగా ఉంది. సర్ది, పట్టీ బిగించి ఉంది. పట్టీకున్న బకిల్‌ని బొటనవేలితో రుద్దాడు. తుప్పు రాలింది.

పారిపోవడానికి సిద్ధంగా సంచీ సర్దుకున్న మనిషి. కానీ ఆ సంచీ ముట్టుకుని ఏళ్ళయింది. భయం అరిగిపోయింది. మరి ఏం మిగిలింది ఇతనికి?

కిటికీ దగ్గర రెండు కుర్చీలు ఎదురుబొదురుగా ఉన్నాయి. ఒకదాని గడ్డి అల్లిక మధ్యలో గుంటపడి, అంచులు తెగి ఉంది. రెండోది కొన్ననాటిలాగే బిగువుగా ఉంది.

"ఈ రెండో కుర్చీ?"

"తీసేస్తానంటే వద్దంటాడు," అంది ఆమె మెల్లిగా. "ఎవరూ వచ్చింది లేదు, కూచుంది లేదు. దుమ్ము మాత్రం తుడుస్తూంటాడు."

హెలియర్ ఆ కుర్చీ వీపు మీద చెయ్యి వేసి, వెంటనే తీసేశాడు. ప్రతి శుక్రవారం సాయంత్రం లవ్‌డే దుకాణంలో మూలబల్ల దగ్గర తను కూర్చునే కుర్చీ గుర్తొచ్చింది. పదేళ్ళుగా అక్కడే టీ తాగుతున్నాడు. చెప్పాలనుకున్న మాట ఏదో ఉండేది. ఒకరోజు ఆమే ఎదురుగా వచ్చి కూర్చుని, చేతులకంటిన పిండి తుడుచుకుంటూ అంది: "హెలియర్ గారూ, మీకిప్పుడు తీరికేగా. ఆంబ్రోస్ బతికున్నాడో లేదో కనుక్కోండి. ఎక్కడున్నాడో నాకు చెప్పొద్దు. తెలిస్తే ఆగలేను. పోలీసులు నా వెనకే వచ్చి అతన్ని ఉరితీస్తారు."

ఆ తర్వాత హెలియర్ ఆ మాట ఎత్తనే లేదు. సరేనన్నాడు. బయల్దేరాడు.

"భేష్, సార్జెంటుగారూ! ఈ వయసులో కూడా నడుం బాగానే వంగుతోంది."

హెలియర్ వెనక్కి తిరిగాడు. గుమ్మంలో వోస్పర్. ఖరీదైన కోటు, తీర్చిన మీసం. ఒకప్పుడు హెలియర్ కింద కానిస్టేబులు. ఇప్పుడు ఇన్‌స్పెక్టరు. వెనక ఈ ఊరి పోలీసు ఒకడు.

"నువ్వా? ఎలా వచ్చావు?"

"రైల్లోనే. మీ వెనకపెట్టెలో. మీరు కునికిపాట్లు పడుతున్నారు. లేపబుద్ధి కాలేదు."

"నేనిటు వస్తున్నానని నీకెవరు చెప్పారు?"

"చెప్పినవాడి పేరు బయటపెట్టకూడదు. మీరు నేర్పిన పాఠమే." వోస్పర్ గదిలోకి వచ్చి, తన జేబు తట్టాడు. "అరెస్టు వారంటు. మూసెయ్యని కేసు గురువుగారూ ఇది. పై అధికారులకి ఎప్పుడూ కంట్లో నలుసే. దీన్ని మీరే మోసుకొచ్చి నా చేతిలో పెట్టారు. ఇంతకీ ఎలా పట్టుకున్నారు? కోర్టులో నేను చెప్పుకోవాలిగా."

"నీ తెలివే అని చెప్పుకో."

"అదెలాగూ చెప్పుకుంటా. వివరాలు కావాలి."

హెలియర్ కిటికీలోంచి చేనువైపు చూస్తూ అన్నాడు: "నా పేరు అర్థం తెలుసా నీకు?"

"మీ పేరుకి అర్థం కూడానా?"

"మా వైపు హెలియర్ అంటే ఇంటికప్పు వేసేవాడు. మా పూర్వీకుడెవడో నిచ్చెనలెక్కి బతికాడు. అదే మనిషి ఈ ఉత్తరదేశంలో పుట్టుంటే పలకలు పరిచేవాడని స్లేటర్ అనేవాళ్ళు. పని ఒకటే. ప్రాంతాన్ని బట్టి పేరు. అలాగే టక్కరూను."

"టక్కర్ అంటే?"

"మగ్గం మీంచి దిగిన ఉన్నిబట్ట జల్లెడలా ఉంటుంది. దాన్ని నీళ్ళలో వేసి, జిడ్డు లాగే మట్టి కలిపి, దారం దారం పెనవేసుకునేదాకా బాదాలి, తొక్కాలి. అప్పుడే అది చలికి ఆగే గుడ్డ అవుతుంది. ఆ హింసపెట్టే పనిని మనవాళ్ళు టకింగ్ అన్నారు. చేసేవాడు టక్కర్. లండన్ చుట్టుపక్కల వాడే ఫుల్లర్. ఇక్కడ యార్క్‌షైర్‌లో తొట్టిలో దిగి పొద్దస్తమానం కాళ్ళతో నడిచేవాడు కనక, వాకర్."

మిసెస్ బారక్లఫ్ "అయ్యో దేవుడా!" అన్నట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

వోస్పర్ ఈల వేశాడు. "పారిపోయేవాడికి ఊళ్ళో ఉన్న పేర్లన్నీ వదిలి తన పేరే కావాల్సొచ్చిందా?"

"వాడికి ఆ పేరంటే ప్రాణం. పెళ్ళి కుదిరిన కొత్తలో లవ్‌డేకి ఇదంతా వాడే చెప్పాడట. ‘ఉత్తరాన మనల్ని వాకర్లంటారు, పెళ్ళయ్యాక ఎప్పుడైనా వెళ్ళి మన పేరుగలవాళ్ళని చూసొద్దాం’ అన్నాడట. ఒక్కడే వచ్చాడు. పేరు పూర్తిగా పారేసుకోలేక, తిరగేసి తొడుక్కున్నాడు."

"ఆ తొడుగే ఉరితాడయింది," అన్నాడు వోస్పర్. "పదండి మిల్లుకి."

"సంకెళ్ళు వేసేముందు నన్ను మాట్లాడనియ్యి."

"నా ఎదురుగానే."

"నీ ఎదురుగానే. చెవులు కూడా తెచ్చుకో."

వాకర్ పనిచేస్తున్న గ్రీవ్ మిల్లు మేనేజరు తన గది ఖాళీ చేసి ఇచ్చాడు. కిందనుంచి తడి ఉన్ని వాసన, యంత్రాల దడదడ. స్థానిక పోలీసు తలుపు దగ్గర నిలబడ్డాడు. కాసేపటికి లోపలికి వచ్చిన మనిషి పొడవుగా, కొంచెం వంగి ఉన్నాడు. జుట్టు పూర్తిగా నెరిసింది. చేతులు తెల్లగా, నీళ్ళలో నాని మెత్తబడి ఉన్నాయి. ఎడమచేతి చిటికెనవేలు సగానికే ఉంది.

"పిలిచారట."

"కూచో టక్కర్," అన్నాడు హెలియర్.

అతను ఉలిక్కిపడలేదు. పారిపోయే ప్రయత్నమూ చెయ్యలేదు. కళ్ళు మూసుకుని, ఆ పేరు గదిలో ఇంకా వినిపిస్తున్నట్టు ఒక క్షణం అలాగే నిలబడ్డాడు. తర్వాత కూర్చున్నాడు.

"కూమ్‌ఫర్డ్ నుంచా?"

"అవును."

"లవ్‌డే ఎలా ఉంది?"

వోస్పర్ అడ్డుపడ్డాడు. "ప్రశ్నలు మేం అడుగుతాం."

"బాగుంది," అన్నాడు హెలియర్, వోస్పర్ వైపు చూడకుండా. "రొట్టెల దుకాణం నడుపుతోంది."

"పెళ్ళి?"

"చేసుకోలేదు."

"అడిగినవాళ్ళు లేరా?"

"అడగాలనుకున్నవాళ్ళు ఉండొచ్చు. అడగలేదు."

టక్కర్ అతని ముఖంలోకి చూశాడు. ఏమర్థమైందో ఏమో, తల దించుకున్నాడు. "సరే. బ్రాడ్‌మీడ్‌ని నేనే చంపాను. రాసుకోండి."

వోస్పర్ కలం తీశాడు. హెలియర్ చెయ్యెత్తి ఆపాడు.

"దేంతో?"

"ఇనపకడ్డీతో."

"ఎక్కడ కొట్టావు?"

"తల మీద. ముందు, నుదుటి మీద."

"శవం గుంటలోకి ఎలా వెళ్ళింది?"

"పడిపోయాడు... తోశాను."

"దెబ్బ తల వెనకాల తగిలింది టక్కర్. ఆ శవాన్ని గుంటలోంచి పైకి తీసినవాళ్ళలో నేనొకణ్ణి. ఎవరికోసం ఈ అబద్ధం?"

టక్కర్ తెల్లటి చేతులు ఒకదానితో ఒకటి నలుపుకుంటున్నాడు.

"నేను చెప్పనా? లవ్‌డే కోసం. ఆవిడే చంపిందనుకుంటున్నావు."

అతను దిగ్గున లేచాడు. "ఆవిడ జోలికి వెళ్ళకండి! నన్ను తీసుకెళ్ళండి, ఉరితీసుకోండి. ఆవిడ మీద ఈగ వాలినా..."

"కూచో. ఆ సాయంత్రం లవ్‌డే చాపెల్లో పాటలు సాధన చేస్తోంది. గుంపు గుంపంతా చూసింది. పాదిరీ కూడా. రాత్రి పాదిరీ భార్యే ఇంటిదాకా దిగబెట్టింది."

"లేదు. ఆ రోజు సాధన లేదన్నాడు."

"ఎవడన్నాడు?"

టక్కర్, ఇన్నేళ్ళు నమ్ముకున్నది కాలికింద కదిలిపోతున్నట్టు బల్ల అంచు పట్టుకున్నాడు.

"నేను రాక్ దగ్గర బట్ట విప్పుతున్నాను," అన్నాడు మెల్లిగా. యార్క్‌షైర్ యాస ఎక్కడికో పోయింది. అచ్చం కూమ్‌ఫర్డ్ మాట. "ఇంకా వెలుగుంది. కేలెబ్ పరుగెత్తుకుంటూ వచ్చాడు. లవ్‌డే అన్న. బట్టలన్నీ తడిసి ఉన్నాయి. ‘బావా, లవ్‌డే బ్రాడ్‌మీడ్‌ని కడ్డీతో కొట్టింది. వాడు చక్రం గుంటలో ఉన్నాడు. దీన్ని ఉరితీస్తారు. నువ్వు కనపడకుండా పోతే నిన్ను వెతుకుతారు, దాన్ని వదిలేస్తారు’ అన్నాడు. ఏడ్చాడు. నా కాళ్ళు పట్టుకున్నాడు. నేను అలాగే కొండదారి పట్టాను. ఆవిడని చూసి వెళ్తానంటే వద్దన్నాడు. చూస్తే వెళ్ళలేనని."

"ఒక్క ఉత్తరం ముక్కైనా రాయలేదు."

"పోస్టుముద్ర పట్టిస్తుందిగా. రోజూ రాసుకునేవాడిని, నడుస్తూ. కాగితం మీద కాదు."

హెలియర్ బల్లమీద రెండు చేతులూ ఆనించాడు. "ఇప్పుడు నా మాట విను. అదే రాత్రి కేలెబ్ లవ్‌డేతో ఏం చెప్పాడో తెలుసా? ‘ఆంబ్రోస్ బ్రాడ్‌మీడ్‌ని చంపి, నా దగ్గర ఒప్పుకుని పారిపోయాడు. నువ్వు నోరు విప్పావో, వాడిని వెతికావో, ఉరికంబం ఎక్కించినట్టే’ అని. ఈ చలికాలం మొదట్లో ఆవిడే నాకు చెప్పింది. ఆవిడ నిన్ను కాపాడుతూ కూచుంది. నువ్వు ఆవిడని కాపాడుతూ కూచున్నావు."

కింద యంత్రాలు దడదడలాడుతున్నాయి. టక్కర్ రెండు అరచేతుల్లో ముఖం దాచుకున్నాడు. అతని భుజాలు ఒక్కసారి ఎగిసిపడ్డాయి, అంతే. ఏడవడానికి కూడా వయసైపోయినట్టు.

వోస్పర్ కలం మూసేశాడు. అతను గర్విష్ఠి, కానీ తెలివితక్కువవాడు కాదు.

"వెలుగుండగా వచ్చాడన్నావు. బ్రాడ్‌మీడ్ గుంటలో ఉన్నాడని అప్పుడే అన్నాడు."

"అవును."

"మర్నాడు పొద్దున్న చక్రం ఆగిపోతే గానీ గుంటలో శవముందని ప్రపంచంలో ఎవరికీ తెలియదు." వోస్పర్ తనతో తానే అనుకుంటున్నట్టు అన్నాడు. "చంపినవాడికి తప్ప."

"ఆ వారం గిడ్డంగిలో బట్ట పోతోందని బ్రాడ్‌మీడ్ ఒక్కొక్కరినీ పిలిచి నిలదీస్తున్నాడు," అన్నాడు టక్కర్. "కేలెబ్‌ని రెండుసార్లు పిలిచాడు. నేనప్పుడు దాన్ని పట్టించుకోలేదు."

హెలియర్ వోస్పర్ వైపు తిరిగాడు. "ఇప్పుడు చెప్పు. నేను ఉత్తరదేశానికి వెళ్తున్నానని నీకు ఉప్పందించిందెవరు?"

వోస్పర్ ముఖం పాలిపోయింది.

"కేలెబ్ టోజర్. స్టేషనుకి తనే వచ్చాడు. ‘మా చెల్లెలు ఆ సార్జెంటుని పంపింది, టక్కర్ దొరికితే వెంటనే పట్టుకోండి, ఎవరితోనూ మాట్లాడనివ్వకండి’ అన్నాడు. అంతేకాదు... రైలెక్కేముందు అతనికి మాటిచ్చాను. టక్కర్ జాడ దొరగ్గానే ఫోన్ చేస్తానని. మిల్లుకి రాగానే గేటు దగ్గర చేశాను. దొరికాడు, హెలియర్ కూడా ఇక్కడే ఉన్నాడు అని చెప్పాను."

"కేలెబ్ ఎక్కడుంటున్నాడు?" అన్నాడు టక్కర్.

"లవ్‌డేతోనే," అన్నాడు హెలియర్. "దుకాణం మేడమీద. ఆ రాత్రి వాడు ఆవిడతో ఏం చెప్పాడో సాక్ష్యం చెప్పగలిగింది ఆవిడొక్కతే."

అప్పటికే అతని చేతిలో మేనేజరు ఫోన్ ఉంది. ఎక్స్ఛేంజి అమ్మాయికి కూమ్‌ఫర్డ్ పేరు రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. వోస్పర్ గేటు దగ్గరున్న రెండో ఫోన్‌కోసం మెట్లు దిగి పరుగెత్తాడు, డెవన్ పోలీసులని పిలవడానికి. దూరదూరాల తీగల్లో ఏవేవో గొంతులు, గరగరలు. ఎంతసేపో. చివరికి అవతల ఎత్తారు.

"టోజర్ బేకరీ."

"లవ్‌డే గారూ, నేను హెలియర్‌ని. కేలెబ్ ఎక్కడున్నాడు?"

"మేడమీద. ఇందాక ఎవరో ఫోన్ చేశారు, అప్పటినుంచీ ఒకటే అటూ ఇటూ నడుస్తున్నాడు. ఏమైంది?"

"నేను చెప్పేది వినండి. అడగొద్దు. కోటు కూడా తీసుకోవద్దు. ముందు తలుపులోంచి వీధిలోకి వెళ్ళి, చాపెల్ పక్కన కానిస్టేబులు ఇంట్లో కూచోండి. ఇప్పుడే."

ఆమె గొంతు మారింది.

"మీ పక్కన ఎవరున్నారు? ఎవరో ఊపిరి పీలుస్తున్నారు."

హెలియర్ పక్కకి చూశాడు. టక్కర్ బల్లమీద వంగి, రిసీవర్‌కి జానెడు దూరంలో ఉన్నాడు. ఆ గొంతు విని అతని ముఖం ఏమైందో చూడలేక హెలియర్ చూపు తిప్పుకున్నాడు. రిసీవర్ అతని చేతికిచ్చాడు. పదేళ్ళ శుక్రవారాలు ఆ ఇవ్వడంలోనే అయిపోయాయి.

టక్కర్ దాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు. "లవ్‌డే," అన్నాడు. "ముందు వీధిలోకి వెళ్ళు. తర్వాత ఎంతసేపైనా మాట్లాడతాను."

అవతల చిన్న కేక, కేక కూడా కాదు. రిసీవర్ చెక్కబల్ల మీద పెట్టిన చప్పుడు. అడుగులు. దుకాణం తలుపుకున్న గంట గణగణమంది. వెళ్ళిపోయింది.

అంతలో బరువైన అడుగులు మెట్లు దిగుతూ వినిపించాయి. రిసీవర్ ఎవరో ఎత్తారు.

"ఎవరది?"

హెలియర్ వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. టక్కర్ తల అడ్డంగా ఆడించాడు. అతనికి తెలుసు ఏం చేస్తున్నాడో. ఆమె వీధి చివరికి చేరేదాకా ఆ మనిషిని ఫోన్ దగ్గరే కట్టెయ్యాలి.

"నేను ఆంబ్రోస్ టక్కర్‌ని, బావా."

ఇరవయ్యేళ్ళ పైచిలుకు తర్వాత మొదటిసారి ఆ నోట ఆ పేరు వచ్చింది. అవతల ఊపిరి మాత్రం వినిపిస్తోంది. బుసలాగా.

"ఫోన్ పెట్టకు కేలెబ్. చాలా మాట్లాడాలి మనం. ఆ రోజు రాక్ దగ్గర నువ్వు ఏడ్చావే, అక్కణ్ణుంచి మొదలెడదాం. నీ బట్టలు ఎందుకు తడిసున్నాయో చెప్పు..."

అలా మాట్లాడుతూనే ఉన్నాడు, మెల్లిగా, ఆపకుండా. హెలియర్ చెవి రిసీవర్‌కి దగ్గరగా పెట్టాడు. కేలెబ్ కదల్లేదు. ఇంకొక్క నిమిషం. ఇంకొక్క నిమిషం చాలు.

అవతల దుకాణం గంట మళ్ళీ మోగింది.

కేలెబ్ ఊపిరి ఇంకా ఫోన్ దగ్గరే ఉంది. వెళ్ళింది అతను కాదు. ఎవరో లోపలికి వచ్చారు. దూరంనుంచి, పరుగెత్తి వచ్చిన ఆయాసంతో, ఒక ఆడగొంతు స్పష్టంగా వినిపించింది.

"అన్నయ్యా, ఆ ఫోన్ ఇటివ్వు. నేను ఆయనతో మాట్లాడాలి."